పైకం మాట, పద్యం మాట

మా ఇంట్లో డబ్బు గురించి నేరుగా మాట్లాడుకోవడం తక్కువ. ఎవరికి ఎంత బాకీ, ఎవరు ఎగ్గొట్టారు, ఎవరి పొలం ఎవరి చేతికి వెళ్లింది అన్న సంగతులన్నీ పద్యాల చాటు నుంచే పిల్లల చెవిన పడేవి. మా తాతయ్య దస్తావేజు లేఖరి. గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, తాటాకు పందిరి కింద, వాలుబల్ల ముందు ఆయన జీవితం గడిచింది. బడి లేని రోజుల్లో నేను ఆయన పక్కన చాప మీద కూర్చునేవాడిని. రెవెన్యూ స్టాంపు తడిపి కాగితానికి అంటించడం, వేలిముద్ర వేసేవాళ్లకు సిరా పెట్టె అందించడం నా పని.

ప్రామిసరీ నోటులోని మాటలు నాకు ఎక్కాలకంటే ముందే నోటికి వచ్చాయి. ఈ దినము నా కుటుంబ అవసరముల నిమిత్తము మీ వద్ద నేను బదులు పుచ్చుకొన్న రొక్కము అక్షరాలా ఇన్ని రూపాయలు. మీరు కోరిన తక్షణము అసలు వడ్డీలు మీకు గాని, మీ అనుమతి పొందినవారికి గాని చెల్లించగలవాడను. ఎవరు వచ్చినా అవే మాటలు. పేరూ అంకె మాత్రమే వేరు. నూటికి నెలకు రెండు రూపాయలంటే అందరూ న్యాయమైన వడ్డీ అనుకునేవారు. ఏడాదికి లెక్కగడితే అది 24 శాతం. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది కనుక, గడువు దగ్గరపడగానే అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు తిరగరాయించేవారు. దాంతో వడ్డీ కాస్తా అసలైపోయేది. దానికి మళ్లీ వడ్డీ. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు నోటు రాసివ్వడం ఆ పందిరి కింద మామూలే.

బళ్లో ‘అప్పిచ్చువాడు వైద్యుడు’ పద్యం నేర్పినప్పుడు నాకు ఒక సందేహం పట్టుకుంది. ఊరికి కావలసినవాటిలో వైద్యుడికన్నా, ఎడతెగక పారే ఏటికన్నా ముందు అప్పిచ్చేవాడిని ఎందుకు నిలబెట్టాడు బద్దెన? సాయంత్రం తాతయ్యను అడిగాను. ఆయన కలం పక్కన పెట్టి, “తొలకరి పడిన వారంలో విత్తనానికి పైకం పుట్టకపోతే ఆ ఏడాదంతా పస్తే నాన్నా. ఆ వారంలో ఇచ్చినవాడే దేవుడు. పంట కళ్లానికి వచ్చిన రోజున వాడే యముడు. మొదటి సంగతి బద్దెన చెప్పాడు. రెండోది వేమన చెప్పాడు” అన్నారు. ఇన్నేళ్లలో శతకాల మీద చాలా చదివాను గాని, ఆ రెండు మాటలకు మించిన వ్యాఖ్యానం నాకు కనబడలేదు. మన పద్యం డబ్బును అసహ్యించుకోదు. దాని అక్కర ఎంతటిదో తెలిసినవాళ్లు చెప్పిన పద్యం అది. అందుకే ఆశ హద్దు దాటిన చోటును అంత కచ్చితంగా పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం పందిరి కింద జరిగిన సంగతి చెప్పాలి. మా పట్టణంలో సంస్కృతం చెప్పే పెద్దాయన ఒకరు ఇల్లు తనఖా పెట్టడానికి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. వేదాంత గ్రంథాలు నోటికి చెప్పగల మనిషి. తాతయ్య కూడా ఆయనతో లేచి నిలబడే మాట్లాడేవారు. అంతలో బియ్యం మిల్లు యజమాని కారు దిగాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. పందిరి కింద ఉన్నవాళ్లందరూ లేచారు. ఆ పెద్దాయన కూడా లేచి, భుజం మీది ఉత్తరీయం తీసి చంకలో పెట్టుకుని, కాస్త వంగి నిలబడ్డారు. ఇల్లు తాకట్టు పెట్టుకునేది ఆ మిల్లు యజమానే. అతను ఆయన వైపు చూడనైనా చూడలేదు. కాగితం సిద్ధమైందా అని తాతయ్యను అడిగి, చేతి గడియారం చూసుకున్నాడు.

ఆ రాత్రి అన్నం తింటూ తాతయ్య ఈ పద్యం చదివారు.

కులము గలుగువాడు గోత్రంబు గలవాడు
విద్యచేత విర్రవీగువాడు
పసిడి గల్గువాని బానిస కొడుకులు
విశ్వదాభిరామ వినురవేమ

చదివి, మజ్జిగ పోయమని నాయనమ్మకు గిన్నె జరిపారు. ఇంకేమీ అనలేదు. నాకు ఆ పెద్దాయన చంకలోని ఉత్తరీయం కళ్ల ముందు మెదిలింది. ఈ పద్యంలో పసిడి గలవాడిని వేమన ఒక్క మాట అనలేదు. దెబ్బంతా అతని ముందు వంగినవాళ్లకే తగిలింది. కులాన్నీ గోత్రాన్నీ చదువునూ ఒకే వరుసలో నిలబెట్టి, వాటన్నిటి మెడలూ వంచేది ఒకటుందని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! అదీ కులగోత్రాలే సర్వస్వమైన కాలంలో.

తాతయ్య తరచుగా తలచే వేమన పద్యం ఇంకొకటి ఉంది. పంటకాలువ పక్కన ఒక చేను ఉండేది. తూర్పున డొంక, దక్షిణాన పంటకాలువ అంటూ ఆ చేను హద్దులు ఆయన ఎన్ని దస్తావేజుల్లో రాశారో! మొదట ఒక తండ్రి పేరిట ఉండేది. తర్వాత కొడుకుల భాగపంపకం, ఆ తర్వాత తనఖా, ఆ తర్వాత క్రయం. కొన్నవాడి కొడుకు కూడా దాన్ని అమ్ముకున్నాడు. హద్దులు అవే, పేరే మారుతూ వచ్చింది. ఆ చేను కాగితం ఎప్పుడు చేతికి వచ్చినా రాయడం ముగించి, ఇసుక చల్లి సిరా ఆరబెడుతూ ‘భూమి నాది యనిన భూమి ఫక్కున నవ్వు’ అనేవారు. రెండో పాదం, ‘దానహీను జూచి ధనము నవ్వు’, నాయనమ్మ వాటా. ఎంగిలి చేత్తో కాకిని తోలని ఒక దూరపు చుట్టం మా ఇంటికి వచ్చి వెళ్లినప్పుడల్లా ఆమె ఆ పాదం అందుకునేది. బ్రౌను దొర 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడని, అది గొప్ప మేలని పెద్దయ్యాక తెలుసుకున్నాను. కానీ ఆ పద్యాలకు ఊపిరి పోసింది ఇలా అన్నం దగ్గరా, వాలుబల్ల దగ్గరా వాటిని వాడుకున్న నోళ్లే.

సాక్షి సంతకం చేసి కాస్త పైకం సంపాదించుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు పందిరి చుట్టూ తిరుగుతుండేవారు. రాసిచ్చేవాడెవరో, పుచ్చుకునేవాడెవరో వాళ్లకు తెలియదు. వాళ్లను చూసినప్పుడు తాతయ్యకు ధూర్జటి గుర్తుకు వచ్చేవాడు. జాతకాలు చెప్పడం, కొలువు చేయడం, అబద్ధాలు అల్లడం, కొండేలు చెప్పడం, ఇవన్నీ పరుల ధనం ఆశించే చేస్తున్నారని వరసగా చెప్పి, చివరికి ‘ఈ శ్రీ తానెన్ని యుగంబులుండగలదో శ్రీకాళహస్తీశ్వరా’ అని నిట్టూర్చిన పద్యం అది. రాజుల కొలువును దగ్గరగా చూసిన కవి గనుకనే అంత వివరంగా చెప్పగలిగాడని నా నమ్మకం.

శ్రీరామనవమి పందిళ్లలో పద్యనాటకాలు ఆడించేవారు. ఏ ఏడాదికైనా హరిశ్చంద్ర నాటకం తప్పనిసరి. పెట్రోమాక్స్ దీపాలు, హార్మోనియం, రాగం బాగా తీస్తే వన్స్ మోర్ అంటూ కేకలు. ముందు వరుస కుర్చీల్లో అప్పులిచ్చేవాళ్లు, వెనక చాపల మీద, నేల మీద అప్పులు తీసుకున్నవాళ్లు. నక్షత్రకుడు రంగం మీదికి రాగానే నేల మీద కూర్చున్నవాళ్లలో నవ్వులు మొదలయ్యేవి. విశ్వామిత్రుడి బాకీ రాబట్టుకోవడానికి హరిశ్చంద్రుడి వెంటపడిన శిష్యుడు అతను. ఏనుగు మీద నిలబడిన బలవంతుడు రత్నాన్ని విసిరితే ఎంత ఎత్తు పోతుందో అంత ధనరాశి ఇస్తానని రాజు మాట ఇచ్చాడు కదా. మా వైపు అప్పు కోసం ఇల్లు వదలకుండా తిరిగేవాడిని నక్షత్రకుడనే పిలుస్తారు. పురాణ పాత్ర పేరు ఇలా వాడుకలో దిగబడిందంటే, ఆ పాత్ర ఎన్ని గడపల ముందు నిలబడి ఉండాలి!

కాశీలో చంద్రమతిని, లోహితుడిని అమ్మే ఘట్టం దగ్గర నవ్వులు ఆగిపోయేవి. ఆపైన కాటి సీను. అక్కడ నటులు జాషువా ‘స్మశానవాటి’ పద్యాలు పాడతారు. బలిజేపల్లి రాసిన హరిశ్చంద్ర నాటకంలోకి జాషువా పద్యాలు అలా వచ్చి చేరాయి, ఇక విడదీయలేనంతగా కలిసిపోయాయి. ‘ఇచ్చోటనే భూములేలు రాజన్యుని యధికార ముద్రిక లంతరించె’ అన్నప్పుడు పందిరంతా ఊపిరి బిగబట్టేది. రాజముద్రలు కూడా కరిగిపోయే చోటు అది. మరి ఆ చోటనే, కొడుకు శవాన్ని ఒడిలో పెట్టుకున్న తల్లిని కాటి సుంకం అడుగుతారు. చచ్చాక అందరూ సమానమని పద్యం చెబుతుంది, సుంకం లేనిదే దహనానికి వీల్లేదని కథ చెబుతుంది. డబ్బు రాజ్యం ఎక్కడిదాకా ఉందో ఇంత పచ్చిగా చూపించిన ఘట్టం నాకు మరొకటి తెలియదు. మా నాయనమ్మ ప్రతి ఏడూ అక్కడే ఏడ్చేది, ప్రతి ఏడూ వెళ్లేది.

2020 డిసెంబరులో, ఫోనులో తక్షణ రుణాలిచ్చే యాప్‌ల వేధింపులు తాళలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు చదువుతున్నప్పుడు నాకు ఆ నాటకమే గుర్తుకు వచ్చింది. బాకీదారు ఫోనులోని పేర్లన్నీ లాగి, చుట్టాలకూ స్నేహితులకూ పరువు తీసే సందేశాలు పంపేవారట. నాటకంలోని నక్షత్రకుడు కనీసం హరిశ్చంద్రుడితోపాటు అడవిలో నడిచాడు. ఎండ ఇద్దరికీ ఒకటే.

ఉన్నత పాఠశాలలో తెలుగు మాస్టారు వామన చరిత్ర చెప్పారు. ‘కారే రాజులు రాజ్యముల్ గలుగవే’ పద్యాన్ని ఆయన ముందు మెల్లగా చదివి, ‘వారేరీ సిరి మూటగట్టుకొని పోవంజాలిరే’ దగ్గర గొంతు పెంచేవారు. తరగతంతా కలిసి చదివితే పెంకులు కదిలేవి. నన్ను మాత్రం రెండు సంగతులు కుదురుగా ఉండనివ్వలేదు. ప్రాణానికి, విత్తానికి, మానానికి భంగం వచ్చినప్పుడు బొంకవచ్చునని, అది పాపం కాదని శుక్రాచార్యుడు శిష్యుడికి చెబుతాడు. ప్రాణమూ మానమూ సరే, వాటి మధ్య విత్తానికి చోటిచ్చాడు గురువు. స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి ధర తక్కువ చేసి రాయమని తాతయ్య దగ్గర పట్టుబట్టేవాళ్లు ఈ పద్యాన్నే వల్లించేవారు. ఇక రెండోది. దొరికిన లేశమే పదివేలనుకుని తృప్తి పడని మనిషికి సప్తద్వీపాలు దక్కినా చక్కబడడని వామనుడు ఎంతో అందంగా చెబుతాడు. చెప్పినవాడే మూడడుగుల పేరిట లోకాలన్నీ కొలుచుకుంటాడు. ఇదేం న్యాయమని మాస్టారిని అడిగాను. భగవంతుడిది తీసుకోవడం కాదు, తనది తాను తీసుకున్నాడని చెప్పారు. నాకు తృప్తి కలగలేదు. ఇప్పటికీ ఆ ఘట్టంలో నా మనసు నిలిచేది బలి దగ్గరే. ఇస్తే అంతా పోతుందని తెలిసీ, మాట ఇచ్చానని చేయి చాచినవాడి దగ్గరే.

అత్తయ్య పెళ్లి నాటికి ఇలాంటి ప్రశ్నలు అడిగే వయసు నాకు ఇంకా రాలేదు. సంబంధం మంచిదని అందరూ అన్నారు. కట్నం అంకె దగ్గర మాటలు రెండుసార్లు తెగిపోయి మళ్లీ అతికాయి. తాతయ్యకు ఉన్న ఒక్క చెక్క పొలమూ అమ్మకానికి పెట్టారు. ఆ క్రయ దస్తావేజు ఆయనే, ఆ వాలుబల్ల మీదే, తన చేత్తోనే రాసుకున్నారు. పొలం ఎందుకు అమ్ముతున్నామో రాసే చోట ‘కుమార్తె వివాహ ఖర్చుల నిమిత్తము’ అని రాశారు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాక ఏ కాగితంలోనూ కట్నమన్న మాట కనబడదు. ఆ ఒక్క వాక్యం కింద మా వైపు ఎన్ని చేలు చేతులు మారాయో ఆయనకు బాగా తెలుసు. ఎందరికో రాసిపెట్టిన వాక్యం అది. ఆ రోజు హద్దులు రాసేటప్పుడు ఆయన చేయి ఆగింది. ‘భూమి నాది యనిన’ అనలేదు. ఇసుక చల్లలేదు. సిరా ఆరేదాకా కాగితాన్ని చూస్తూ కూర్చున్నారు.

పెళ్లి ముందురోజు హాలులో వియ్యాలవారి పెద్దలు ఇత్తడి పళ్లెంలో తమలపాకుల మీద నోట్లు పెట్టి లెక్కపెట్టుకున్నారు. ఒక ఆయన వేలు నాలుకతో తడుపుకుంటూ ఒక్కొక్క నోటూ వెలుగుకు ఎత్తి చూశాడు. వంటింట్లో నాయనమ్మ కొబ్బరి కోరుతూ కూనిరాగం తీస్తోంది. మూడో తరగతి దాటని నాయనమ్మకు గురజాడ పూర్ణమ్మ మొత్తం కంఠతా వచ్చు. పుట్టింట్లో ఎవరో పాడగా నేర్చుకుందట.

కాసుకు లోనై తల్లీ దండ్రీ
నెనరూ న్యాయం విడనాడి

అంతవరకే పాడింది. ముదుసలి మొగుడి మాట ఆ పెళ్లికి వర్తించదు, పెళ్లికొడుకు పాతికేళ్లవాడు. పక్కనే జడ వేయించుకుంటున్న అత్తయ్య తల తిప్పి వాళ్లమ్మను చూసింది. “అమ్మా, ఇప్పుడు ఆ పాట వద్దు” అంది. నాయనమ్మ ఆపేసింది. కోరాం చప్పుడు మాత్రం ఆగలేదు.

పూర్ణమ్మలో నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఏమిటంటే, అందులో రాక్షసులు లేరు. తల్లిదండ్రులు మామూలు మనుషులు. కాసు ముందు ఒక్కసారి లొంగారు, అంతే. చనిపోవడానికి సిద్ధమైన పిల్ల అన్నదమ్ములతో ‘అమ్మను అయ్యను కానండి’ అని చెప్పి వెళ్తుంది. అమ్మినవాళ్లను చూసుకోమని అమ్ముడుపోయిన బిడ్డ చెప్పడం! దుర్మార్గుడైన తండ్రిని చూపించి ఉంటే చదివినవాళ్లు అతన్ని తిట్టి ఊరుకునేవారు. గురజాడ ఆ వెసులుబాటు ఇవ్వలేదు.

గురజాడ కన్యాశుల్కం 1892లో తొలిసారి ప్రదర్శించారు. అప్పటి బేరంలో సొమ్ము ఆడపిల్ల తండ్రికి చేరేది. ఒక తరం తిరిగేసరికి కాళ్లకూరి నారాయణరావు వరవిక్రయం రాయవలసి వచ్చింది. సొమ్ము మగపిల్లవాడి తండ్రి వైపు ప్రవహించడం మొదలైంది. సొమ్ము పోసి పిల్లను కొనే లుబ్ధావధాన్లు పోయి, కొడుక్కి కట్నం పుచ్చుకునే సింగరాజు లింగరాజు వచ్చాడు. 1939లో అది సినిమాగా వస్తే లింగరాజు వేషం వేసింది హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవే. భానుమతికి అదే తొలి చిత్రం. ఆ నాటకంలో కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల మాత్రం పెళ్లి చేసుకుని, సొమ్ము పోసి కొన్నాం గనుక మొగుడే నా ఇంటికి రావాలని ఎదురు తిరుగుతుంది. ఆ ఘట్టం దగ్గర ఆడవాళ్లు చప్పట్లు కొట్టేవారని అమ్మ చెప్పేది. చప్పట్లు కొట్టిన చేతులతోనే ఇళ్లకు వెళ్లి కట్నాలు సర్దారు కూడా. నాటకాన్ని ఇందుకు తప్పుపట్టను. ఆ మాట బిగ్గరగా అనే చోటు వాళ్లకు అదొక్కటే దొరికింది.

గుంటూరులో కాలేజీ చదువు నాకు వేరే కిటికీ తెరిచింది. హాస్టల్లో నా గదిలో ఉండే మిత్రుడిది వినుకొండ దగ్గరి పల్లె. వాళ్ల అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. జాషువా మా ఊరివాడని గర్వంగా చెప్పుకునేవాడు. 1941లో వచ్చిన గబ్బిలం అతనికి దాదాపు నోటికి వచ్చు. కరెంటు పోయిన ఒక రాత్రి డాబా మీద ఈ పద్యం ఎత్తుకున్నాడు: ‘ప్రతిమల పెండ్లి సేయుటకు వందలు వేలు వ్యయించుఁ గాని’. శూన్యమైన పేదల పాత్రల్లో మెతుకు విదల్చదు ఈ దేశమని, ముప్పై మూడు కోట్ల దేవతలున్న చోట భాగ్యహీనుల ఆకలి తీరుతుందా అని అడిగే పద్యం. అతను రాగం తీయలేదు. మాటలాడినట్టు చెప్పాడు.

నేను మా ఇంటి పద్యాల గురించి, తాతయ్య పందిరి గురించి ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. అంతా విని, “మీ తాతగారి కాగితాల్లో మా అమ్మ పేరు ఎక్కడైనా ఉంటుందా?” అని అడిగాడు. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు. ఉండదు. అమ్మేవాడు, కొనేవాడు, తనఖా పట్టినవాడు, సాక్షులు, నాలుగు హద్దులు. ఆ చేలో నాట్లు వేసిన మనిషికి దస్తావేజులో గడి లేదు. అప్పు పుట్టాలన్నా చెక్క పొలం చూపించాలి. మాకు పోగొట్టుకోవడానికి ఒక చెక్క అయినా ఉండేది. సిరి నారికేళ సలిలంలా వస్తుంది, ఏనుగు మింగిన వెలగపండులా పోతుంది అని సుమతీ శతకం చెప్పిన మాట వినడానికి కూడా ముందు ఒకసారి సిరి వచ్చి ఉండాలి కదా. జాషువా ఆ ముందరి మెట్టు దగ్గర నిలబడి అడిగాడు. ఆ రాత్రి తర్వాత నేను ఏ ధననీతి పద్యం విన్నా, ఇది ఎవరి నోటి నుంచి, ఎవరి చెవికి అని చూసుకోవడం అలవాటైంది. వేమన, జాషువా ఆ పరీక్షకు నిలిచారు. కొన్ని శతక పద్యాలు నిలవలేదు. ఉన్నదాంతో తృప్తి పడమని ఏమీ లేనివాడికి చెప్పే పద్యాలను నా నోటితో ఇక చదవలేకపోయాను.

తాతయ్య, నాయనమ్మ వెళ్లిపోయారు. ఆఫీసు ముందు పందిరి స్థానంలో ఇప్పుడు కంప్యూటర్లు పెట్టుకున్న గదులున్నాయి. కాగితం మీద అచ్చయ్యే మాటలు మాత్రం చాలావరకు పాతవే.

కొన్నేళ్ల క్రితం అత్తయ్య తన కొడుకు పెళ్లి చేసింది. పెద్దరికం వహించి మాటలు నడిపింది మామయ్య అన్నగారు. అమ్మాయి తండ్రి ఊళ్లోని ఇంటి స్థలం బేరం పెట్టాడని కబురు తెలిసింది. అత్తయ్య ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లింది. “అన్నయ్యగారూ, మా నాన్న చేతి రాత నాకు గుర్తుంది. మీరు అలాంటి కాగితం రాయించవద్దు. మాకు ఒక్క రూపాయి అక్కర్లేదు. పెళ్లి మా ఇంటి ముందు పందిట్లో చేసుకుందాం” అని చెప్పి సాయంత్రం బండికి తిరిగి వచ్చింది. తనకు చెప్పకుండా చేసిన ఈ పనికి మామయ్య అన్నగారికి తల కొట్టేసినట్టయింది. ఆయన పెళ్లికి రాలేదు, ఆయన వైపు చుట్టాలనూ రానివ్వలేదు. పోయేదాకా అత్తయ్యతో మాట్లాడలేదు. మొదటి బంతిలో ఆయన చుట్టాల కోసం వేసిన విస్తళ్లు వరసగా ఖాళీగా ఉండిపోయాయి. అత్తయ్య పందిరి వేసిన కూలీలను, బ్యాండువాళ్లను పిలిచి అక్కడ కూర్చోబెట్టి, నెయ్యి గిన్నె తానే పట్టుకుంది.